జతపరచుములో ఇరుక్కుపోయిన ఆంధ్రరత్న: సాంఘిక శాస్త్రం పాఠాలు రాసే పెద్దలకి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నా పుట్టిల్లు చీరాల, ఇప్పుడు ఉండేది గుంటూరు. మొన్న మా పాపని పరీక్షకి చదివిస్తున్నా, ఎనిమిదో క్లాసు. దాని గైడులో జతపరచుము ఉంది, ఎడమ పక్క ఆంధ్రకేసరి, దేశభక్త, ఆంధ్రరత్న, కుడి పక్క పేర్లు. ఇది గబగబా గీతలు గీసేసి "అమ్మా ఇది ఈజీ, ఆంధ్రరత్న అంటే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, చీరాల పేరాల ఉద్యమం, ఒక మార్కు" అని పేజీ తిప్పేసింది. నేను ఆపి అడిగా, సరే ఆ ఉద్యమంలో ఏం జరిగిందో చెప్పవే అని. బ్రిటిష్ వాళ్లు పన్ను వేశారంట, వీళ్లు కట్టం అన్నారంట. కట్టకుండా ఏం చేశారు? కాసేపు ఆలోచించి "ధర్నా చేశారు" అంది.

ధర్నా అంట! సొంత అమ్మమ్మ గారి ఊరి కథ, ప్రతి సంక్రాంతికీ పోయి వచ్చే ఊరి కథ. పిల్లని తిట్టబోయి ఆగిపోయా, ఎందుకంటే దాని చేతిలో ఉన్న కాగితాల్లో అంతకంటే ఏం లేదు. గైడు వేసినవాళ్లని అడిగి లాభం లేదు, వాళ్లు మార్కుల లెక్కన వేస్తారు, అందుకే అసలు పాఠం రాసే మీకు రాస్తున్నా. మీరు ఎవరో, ఏ ఆఫీసులో కూర్చుంటారో నాకు తెలీదు, పుస్తకం వెనక ఉండే చిన్న అక్షరాల పేర్లు ఎవరం చదువుతాం చెప్పండి. కాస్త పొడుగు ఉత్తరం, ఓపిక చేసుకోండి.

ముందు ఒక లెక్క. ఇది సాంఘికంలో కాకపోతే మ్యాథ్స్‌లో పెట్టినా నాకు ఓకే. చీరాల, పేరాల కలిపి అప్పట్లో జనాభా 15 వేల పైచిలుకు. యూనియన్‌గా (పంచాయతీ లాంటి చిన్న స్థానిక సంస్థ) ఉన్నప్పుడు ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేశాక అది దగ్గర దగ్గర 40,000 అయింది. భాగించి చూడండి (అప్పట్లో రూపాయికి పదహారణాలు), తలకి నాలుగణాల చిల్లర ఉన్నది రెండు రూపాయల పదణాలు దాటింది. ఐదుగురున్న ఇంటికి రూపాయి పావలా, రూపాయిన్నర మధ్య ఉన్నది పదమూడు రూపాయలు. ఇంట్లో ఉండేది నేతగాళ్లు, రైతులు, చిన్న చిన్న వ్యాపారాలు. 1919, 20 నాటి రూపాయి అండీ అది, ఇప్పటి రూపాయి కాదు. ఇంత కట్టినందుకు వచ్చే సౌకర్యాలు ఏంటయ్యా అంటే పెద్దగా ఏం లేవు. మా ఊరు సముద్రానికి దగ్గర, ఇసక నేల, ఊరు ఊరంతా "మాకు మునిసిపాలిటీ వద్దు బాబోయ్, మమ్మల్ని పాత పద్ధతిలోనే ఉండనీండి" అని అర్జీలు పెట్టుకుంది. కౌన్సిలర్లు రాజీనామాలు చేశారు. పన్ను కట్టనివాళ్లని జైలుకి పంపారు, అందులో ఒక ఆడమనిషి కూడా ఉంది.

ఇక్కడ మా పాప చెప్పిన "బ్రిటిష్ వాళ్లు" అనే మాట దగ్గర ఒక మెలిక ఉంది. గొడవ ముదిరేనాటికి ద్వంద్వ ప్రభుత్వం వచ్చేసింది, అంటే కొన్ని శాఖలు గవర్నర్ దగ్గర, కొన్ని మంత్రుల దగ్గర ఉండే పద్ధతి, స్థానిక సంస్థల శాఖ మన భారతీయ మంత్రుల చేతికే ఇచ్చారు. 1920 చివరి నుంచి మద్రాసులో ఆ శాఖ చూసింది జస్టిస్ పార్టీకి చెందిన పానగల్ రాజా రామరాయణింగారు, ఆయన స్వయానా తెలుగాయన, 1921 జులైలో రాష్ట్రానికి ప్రథమ మంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) కూడా అయ్యాడు. అంటే మునిసిపాలిటీ అనేది "ఇదిగో మీకు స్వపరిపాలన ఇస్తున్నాం, మీ ఊరిని మీరే పాలించుకోండి" అని చేతిలో పెట్టిన వస్తువు, చీరాల వాళ్లు మాకొద్దు అన్నది దాన్ని! గమ్మత్తుగా లేదూ? తెల్లదొర గుర్రం మీద వచ్చి కొరడా తీస్తే మనవాళ్లు ఎదురు తిరిగారు అనే సినిమా సీను ఇందులో లేదు. పానగల్ రాజా దుర్మార్గుడు అని నేను అనట్లేదు, ఆయన చేసిన మంచి పనులు వేరే ఉన్నాయి. కానీ స్వపరిపాలన అని పేరు పెట్టి అడక్కుండా నెత్తిన పెడితే అది ఎవరి పాలన అవుతుంది, ఈ ప్రశ్న పదమూడేళ్ల పిల్లలకి అర్థం కాదని మీరు అనుకుంటే పొరపాటు. క్లాస్ లీడర్ని టీచరే పెట్టేస్తే వాళ్లు ఎంత గొడవ చేస్తారో మీకు తెలీదేమో, నాకు రోజూ ఇంట్లో వినిపిస్తుంది.

ఇక గోపాలకృష్ణయ్య గారి సంగతి. 1889 జూన్ 2న అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. (జూన్ 2 అంటే ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ వేరే కారణానికి గుర్తు, పాపం ఆయన పుట్టినరోజుకి ఆ యోగం కూడా లేదు.) చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయారు, నాయనమ్మ దగ్గర పెరిగాడు. కుర్రాడిగా ఉన్నప్పుడే స్నేహితుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడెక్కి స్కాట్లాండ్ పోయి ఎడింబరోలో ఎకనామిక్స్ ఎమ్మే చేశాడు. అక్కడ ఉన్న రోజుల్లో పరిచయమైన కళా పండితుడు ఆనంద కుమారస్వామి గారితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు దాన్ని అచ్చేశారు. చేతివేళ్లు ఎలా మడిస్తే పతాకం, ఎలా మడిస్తే కపిత్థం, ఆ ముద్రల పుస్తకం అది. ఇవాళ అమెరికాలో మన తెలుగువాళ్ల పిల్లలు వీకెండ్ కూచిపూడి క్లాసులకి పోతుంటారు కదా, వాళ్లు మొదట నేర్చుకునే హస్తాలని ఇంగ్లీషులో అక్కడి వాళ్ల ముందు పెట్టినవాళ్లలో ఒకాయన మా చీరాలలో పన్ను ఉద్యమం నడిపినాయన అని ఆ టీచర్లలో ఎంతమందికి తెలుసో. మీరు రాస్తే తెలుస్తుంది.

ఇంత చదివినాయన తిరిగొచ్చి ఏం చేశాడు? రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పాడు, ఎక్కడా కుదురుగా ఇమడలేదు. మనిషి మాట కత్తిలాంటిది, ఆశువుగా పద్యం చెప్పేవాడు, ఛలోక్తులకి పెట్టింది పేరు, అలాంటోళ్లు ఉద్యోగాల్లో ఇమడరు అది వేరే సంగతి. శ్రీరామదండు అని వాలంటీర్ల దళం తయారుచేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగింది కదా, కోటి మంది సభ్యులు, తిలక్ నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల చరఖాలు అని తీర్మానించిన సమావేశం, అక్కడ అంత జనాన్ని అదుపులో పెట్టింది ఈ దండే. బెజవాడ సమావేశం అనగానే మనకి పింగళి వెంకయ్య గారి జెండా గుర్తొస్తుంది, మంచిదే, కానీ ఆ జెండా చూడ్డానికి వచ్చిన జనం తొక్కుకోకుండా చూసినవాళ్లు కూడా ఉంటారుగా.

ఆ సమావేశం అయిన వారానికే, ఏప్రిల్ 6న గాంధీ గారు చీరాల వచ్చారు. ఏం చేయాలి అని అడిగితే రెండు దారులు చెప్పారు. ఒకటి పన్ను కట్టకుండా వచ్చే కష్టాలన్నీ శాంతంగా భరించడం. రెండోది ఊరు వదిలి పోవడం. మునిసిపాలిటీ హద్దు అనేది ఒక గీత, ఆ గీత లోపల ఉన్నవాడికే పన్ను, గీత దాటి పోయి కూర్చుంటే నిన్నెవడూ అడగలేడు, చట్టం కూడా తప్పలేదు. మా ఊరివాళ్లు రెండోది ఎంచుకున్నారు.

మే 1 నుంచి పోవడం మొదలుపెట్టారు. గాంధీ గారు వచ్చి వెళ్లిన ఇరవై ఐదు రోజులకి. పదిహేను వేల పైచిలుకు జనంలో పదమూడు వేలకి పైగా ఇళ్లకి తాళాలు వేసి, ముసలీ ముతకా పిల్లాజెల్లా గొడ్డూగోదా అంతా కట్టుకుని గీత అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తగవులొస్తే తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. పదకొండు నెలలు ఉన్నారండీ అక్కడ. పదకొండు నెలలు! మనం ఇంట్లో కరెంటు పోతే పదకొండు నిమిషాలు ఆగలేక లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇది మా ఇంటి సంగతి. మాది నేత కుటుంబం. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవాళ్లు, ఇప్పుడు కళ్లు ఆనక మానేశారు. గుంట మగ్గం అంటే తెలుసుగా, ఇంట్లో నేల తవ్వి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తారు, కాళ్ల కింద తొక్కుడు చెక్కలు గుంటలో ఉంటాయి. పడుగు, అంటే నిలువు దారాలు, నేలకి దగ్గరగా సాగి ఉంటుంది, నాడె చేతికి అందుతా ఉంటుంది. మంచం మోసుకుపోవచ్చు, రోలు దొర్లించుకుపోవచ్చు, మగ్గం కర్రలు కూడా విప్పి బండిలో వేసుకోవచ్చు, గుంటని ఎలా మోసుకుపోతారు? కొత్త చోట మళ్లీ తవ్వాలి. మా నేల ఇసక, తవ్వితే అంచులు జారి కూలిపోతాయి, పక్కలకి రాయో ఇటుకో పేర్చుకోవాలి, పాకలో అదంతా ఎక్కడ అవుద్ది. అవతల మే నెల, రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఎండకి పడుగు దారం పొడిబారి పుటుక్కు పుటుక్కుమని తెగుద్ది. సరే ఎండలు పోయాయి, వానలొచ్చాయి అనుకోండి, గుంటలోకి నీళ్లు. ఇప్పటికీ వానాకాలం చీరాల వైపు వచ్చి చూడండి, గుంటల్లో నీళ్లు ఊరి మగ్గాలు ఆగిపోయాయని ప్రతి ఏడూ పేపర్లో పడుద్ది. పక్కా ఇళ్లలోనే ఇట్లా ఉంటే పాకల్లో సంగతి మీరే ఆలోచించండి. మాకు ఆశ్వయుజం కార్తీకంలో అసలు వానలు, తుఫాన్లు. ఆ పదకొండు నెలల్లో ఇవన్నీ వచ్చి పోయుంటాయిగా.

మా నాన్న వాళ్ల నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆమె చెప్పిన ముక్క ఒక్కటే మా ఇంట్లో మిగిలింది. పాకలో పడుకున్నప్పుడు వాళ్లమ్మ అర్ధరాత్రి లేచి "ఇంట్లో దీపం పెట్టలేదు, ఎన్నాళ్లయిందో" అని గొణుక్కునేదంట. ఇల్లు కనిపించే దూరంలోనే ఉంది, నడిచి పోయి తలుపు తీసి దీపం పెట్టి రావచ్చు, కానీ పోకూడదని కట్టుబాటు. గోపాలకృష్ణయ్య గారు ఎలా ఉండేవారు, ఏం మాట్లాడేవారు అని మా నాన్న చిన్నప్పుడు అడిగితే ఆమెకి గుర్తు లేదంట. దీపం గుర్తుంది.

అందుకే నాకు ఈ జతపరచుము మీద కోపం. ఒక గీత గీస్తే అయిపోయే విషయమా ఇది. ఒక నాయకుడు, ఒక బిరుదు, ఒక సంవత్సరం, మిగతా పదమూడు వేల మంది ఏమయ్యారు? ఆయన గొప్పతనం ఏంటయ్యా అంటే ఇంతమందిని కదిలించి అన్నాళ్లు నిలబెట్టడమే కదా, ఆ జనాన్ని తీసేసి ఆయన్ని ఒక్కడినే బొమ్మ చేసి పెడితే ఆయనకి కూడా అన్యాయమే.

ఇంకోటి ఉంది, ఇది చెప్పడానికి మా ఊరి వాళ్లే ఇబ్బంది పడతారు. ఉద్యమం గెలవలేదు. ఉద్యమానికి డబ్బు కావాలి, ఇంతమందికి తిండి కావాలి, గోపాలకృష్ణయ్య గారు ఊరూరూ తిరిగారు. బరంపురంలో మాట్లాడొద్దని ఆర్డర్ ఇస్తే లెక్కచెయ్యకుండా మాట్లాడారు, ఏడాది జైలు వేసి తిరుచినాపల్లి పంపారు. నాయకుడు లేడు, డబ్బులు లేవు, పాకలు పాతబడ్డాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగింది, గాంధీ గారు దేశమంతా సహాయ నిరాకరణ ఉద్యమం ఆపేశారు. జనం మెల్లగా ఇళ్లకి తిరిగొచ్చారు. మునిసిపాలిటీని అప్పుడు రద్దు చేయలేదు, ఇప్పుడూ చీరాల మునిసిపాలిటీయే, మా నాన్న ఇంటి పన్ను కడుతూనే ఉన్నారు, ఈ మధ్య ఫోన్‌లో కడుతున్నారు, కట్టిన ప్రతిసారీ "మా పెద్దాళ్లు చూస్తే తిడతారు" అని నవ్వుతారు. గోపాలకృష్ణయ్య గారు జైలు నుంచి బయటికొచ్చేసరికి రామనగర్ లేదు. ఆ రోజు ఆయనకి ఎలా ఉండుంటుంది?

ఇది మీరు ఎందుకు రాయరు? ఓడిపోయారని రాస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారనా? మా పాప ఓడిపోయిన క్రికెట్ మ్యాచ్ గురించి గెలిచిన మ్యాచ్ కన్నా రెండింతలు మాట్లాడుద్ది, ఏ ఓవర్లో పోయింది, ఎవరు క్యాచ్ వదిలారు, ఇలా చేసుంటే గెలిచేవాళ్లం అని. చరిత్ర గురించి కూడా అలాగే మాట్లాడనివ్వండి. పన్ను కట్టకుండా ఊళ్లోనే ఉండుంటే ఏమయ్యేది? గాంధీ గారు చెప్పిన మొదటి దారి మంచిదా, రెండోదా? ఊరు వదలకుండా ఉండిపోయిన ఆ రెండు వేల మంది ఎవరు, ఎందుకు ఉండిపోయారు, పోలేకనా ఇష్టం లేకనా? తర్వాత ఇళ్లకి తిరిగొచ్చినప్పుడు వీళ్లూ వాళ్లూ ఒకే వీధిలో ఎలా బతికారు? వీటికి గైడులో ఆన్సర్ ఉండదు, టీచర్‌కి కూడా తెలీకపోవచ్చు, అయినా పర్లేదు.

అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలోనే ఉండేది. తర్వాత ప్రకాశం జిల్లాలోకి పోయింది, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇది ఎందుకు చెప్తున్నానంటే, అదే గుంటూరు జిల్లాలో ఆ 1921, 22ల్లోనే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి గారి పన్నుల నిరాకరణ, పల్నాడులో పుల్లరి కట్టం అన్న కన్నెగంటి హనుమంతు గారిని 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపడం, ఇవన్నీ జరిగాయి. మూడూ పన్ను గొడవలే. ఒకరు భూమి శిస్తు, ఒకరు అడవిలో పశువుల మేత, మావాళ్లు మునిసిపల్ పన్ను. ఒకరు ఊళ్లోనే బిగదీసుకు కూర్చున్నారు, ఒకరు ప్రాణం ఇచ్చారు, ఒకరు ఊరొదిలి పోయారు. వీటిని వేరు వేరు పాఠాల్లో ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక మ్యాప్ మీద పక్కపక్కన పెట్టి చెప్తే ఎంత బాగుంటుందో ఒకసారి ఆలోచించండి, పిల్లలకి తమ జిల్లా బస్సు రూటులో ఉన్న ఊర్లు అవన్నీ.

గోపాలకృష్ణయ్య గారి చివరి రోజులు కూడా రెండు లైన్లు రాయండి. క్షయ వచ్చింది, చేతిలో డబ్బు లేదు. 1928 జూన్ 10న పోయారు. ముప్పై తొమ్మిది నిండి ఎనిమిది రోజులు. నాకు ఇప్పుడు నలభై రెండు. ఎడింబరో ఎమ్మే, ఎకనామిక్సు, ఏ మద్రాసులోనో పెద్ద ఉద్యోగం చేసుకుని కోటు వేసుకుని బతకాల్సిన మనిషి. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకి ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టారు, టీవీలో రోజూ వినిపిస్తుంది, ఆంధ్రరత్న భవన్‌లో ప్రెస్‌మీట్ అని. అదేదో బిల్డింగ్ పేరు అనుకునేవాళ్లే ఎక్కువ.

నేను అడిగేది పెద్దదేం కాదు. కొత్త పాఠం పెట్టమనట్లేదు, సిలబస్ బరువు నాకూ తెలుసు, బ్యాగు నేనే మోస్తున్నా స్కూల్ బస్సు దాకా. ఉన్న పాఠంలోనే ఒకటిన్నర పేజీ. అందులో ఆ పన్ను లెక్క, గీత అవతలికి పోవడం అనే తెలివి, పదకొండు నెలల బతుకు, ఓడిపోవడం. బొమ్మ పెడితే ఆయన ఫొటోతో పాటు ఒక పాకల వరస బొమ్మ. ప్రశ్నల్లో జతపరచుము తీసేసి, "మీ ఊరు మొత్తం పదకొండు నెలలు బయట ఉండాల్సి వస్తే మీ ఇంట్లోవాళ్లు చేసే పని ఎలా సాగుతుంది, అడిగి రాయండి" అని ఒక్కటి పెట్టండి. నేతగాళ్ల పిల్లలు ఒకటి రాస్తారు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు ఒకటి రాస్తారు, సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు "వైఫై ఉంటే చాలు" అని రాస్తారు, రాయనివ్వండి, నవ్వుకుందాం.

రాసేముందు మీలో ఎవరైనా చీరాల వస్తే మాత్రం మా ఇంటికి తప్పకుండా రండి. మా నాన్నకి వినికిడి తగ్గింది, కొంచెం గట్టిగా మాట్లాడాలి. మగ్గం విప్పేశాం గానీ గుంట పూడ్చనివ్వలేదు ఆయన, పైన చెక్కలు వేసి పాత బిందెలు, కూలర్ పెట్టారు. అవి పక్కకి జరిపి చూపిస్తారు, ఒకసారి దిగి కూర్చోండి, ఎంత లోతుంటుందో, ఇసకలో అలాంటిది మళ్లీ తవ్వడానికి ఎంతసేపు పడుద్దో నాన్నే చెప్తారు. భోంచేసి వెళ్దురుగాని.

ఇట్లు,
చీరాల ఆడపడుచు, ఒక ఎనిమిదో క్లాసు పిల్ల తల్లి